పది రూపాయల్లో పౌష్టికమైన చిరుతిండి

ఉదయం ఎనిమిదిన్నర గంటల వేళ మన ఊళ్ళలో ఏ పాఠశాల వీధిలోకి వెళ్ళినా ఒకే దృశ్యం కనిపిస్తుంది. కిరాణా దుకాణం గుమ్మానికి రంగురంగుల పొట్లాలు తోరణాల్లా వేలాడుతుంటాయి. వీపున పుస్తకాల సంచీలతో పిల్లలు అక్కడ గుమిగూడి, పిడికిట్లో దాచుకున్న పది రూపాయల నాణేన్ని ముందుకు చాస్తుంటారు. ఐదు నిమిషాల్లో ఆ నాణెం చిప్స్ పొట్లంగానో, క్రీము బిస్కెట్‌గానో, రంగునీళ్ళ సీసాగానో మారిపోతుంది.

ఆ నాణెం తేలికగా వచ్చినది కాదు. ఎండలో ఆటో నడిపే తండ్రి, బీడీలు చుట్టే తల్లి, రాత్రి పొద్దుపోయేదాకా కుట్టుమిషను ముందు కూర్చునే అక్క దాని వెనుక ఉన్నారు. తమకు దక్కని సంతోషం బిడ్డకైనా దక్కాలన్న ప్రేమతోనే వారు ఆ నాణేన్ని బిడ్డ చేతిలో పెడతారు. ఆ ప్రేమను మేము తప్పు పట్టడం లేదు. అదే పది రూపాయలు, కొన్ని రోజుల్లో అంతకంటే తక్కువ, బిడ్డ శరీరానికి నిజంగా ఉపయోగపడే ఆహారంగా మారగలవని చెప్పడమే మా ఉద్దేశం.

పొట్లం మీద రాసి ఉన్నది చదువుదాం

దుకాణంలో అమ్మే ప్రతి పొట్లం వెనుకా చిన్న అక్షరాలతో పదార్థాల జాబితా ముద్రించి ఉంటుంది. చట్టం ప్రకారం ఏ పదార్థం బరువు ఎక్కువో దాని పేరు ముందు రావాలి. కాబట్టి మొదటి మూడు పేర్లు చదివితే చాలు, లోపల ఏముందో తెలిసిపోతుంది. ఆ మూడు పేర్లూ మైదా, చక్కెర, పామాయిల్ అయితే, పైన పండ్ల బొమ్మలు, పాలగ్లాసు బొమ్మలు ఎన్ని ఉన్నా బిడ్డ తినేది మైదా, చక్కెర, నూనెలనే.

చక్కెర లెక్క కూడా ఇంట్లోనే వేసుకోవచ్చు. మనిషి రోజంతా పొందే శక్తిలో అదనంగా కలిపిన చక్కెర వాటా 10 శాతం మించరాదని, 5 శాతం లోపు ఉంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. రోజుకు 1,500 కెలోరీలు అవసరమయ్యే బడి పిల్లవానికి 10 శాతమంటే దాదాపు 37 గ్రాములు. 5 శాతమంటే 19 గ్రాములు. ఒక పండ్ల పానీయం డబ్బాపై 100 మి.లీ.కు 13 గ్రాముల చక్కెర అని ముద్రించి ఉంటే, 200 మి.లీ. తాగిన బిడ్డ ఒక్కసారిగా 26 గ్రాములు తాగేసినట్టే. ఇంట్లో తాగిన చాయ్, తిన్న బిస్కెట్లు ఇంకా ఈ లెక్కలోకి రాలేదు.

ఈ ప్రమాదాన్ని ప్రభుత్వ సంస్థలు కూడా గుర్తించాయి. కొవ్వు, చక్కెర, ఉప్పు అధికంగా ఉన్న పదార్థాలను పాఠశాల ఆవరణలోనూ, దాని చుట్టూ 50 మీటర్ల పరిధిలోనూ పిల్లలకు అమ్మరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2020లో నిబంధనలు తెచ్చింది. చక్కెర వల్ల కలిగే హానిని తెలిపే బోర్డులు పెట్టాలని కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి 2025లో తన పాఠశాలలను ఆదేశించింది. అయితే నిబంధన కాగితం మీద ఉంటుంది, పొట్లాల తోరణం బడి గుమ్మం దగ్గర ఉంటుంది. ఆ రెంటి మధ్య బిడ్డకు రక్షణ కల్పించవలసింది ఇల్లే.

దివ్య ఖుర్ఆన్ ఆహారం గురించి చెబుతూ 'హలాల్'తో పాటు 'తయ్యిబ్' అనే మాటను కూడా జోడించింది. జెల్లీ మిఠాయిలలో, మార్ష్‌మెలోలలో జంతువుల నుండి తీసిన జెలటిన్ కలిసి ఉంటుందేమోనని మనం జాగ్రత్తగా చూస్తాం. అది అవసరమే. కానీ హలాల్ అని తేల్చుకున్నాక మన పరిశీలన ఆగిపోతోంది. ఆ వస్తువు శుభ్రమైనదా, మేలు చేసేదా అన్న రెండో ప్రశ్న కూడా అడిగినప్పుడే ఆ జంట పదాలకు న్యాయం చేసినవాళ్ళమవుతాం.

బడిలో నీరసం వెనుక

అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆరు నెలల నుండి అయిదేళ్ళ లోపు పిల్లల్లో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. అంటే తెలంగాణలో ప్రతి పదిమంది చిన్నారులలో ఏడుగురు. ఈ పిల్లలే ఒకటి రెండేళ్ళలో పలక పట్టుకుని బడికి వస్తారు. దేశం మొత్తం మీద 15 నుండి 19 ఏళ్ళ ఆడపిల్లలలో రక్తహీనత 59.1 శాతంగా తేలింది.

రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును ఒంటిలోని ప్రతి భాగానికీ చేరవేస్తుంది. దాని తయారీకి ఇనుము కావాలి. ఇనుము తగ్గితే బిడ్డకు త్వరగా అలసట వస్తుంది, పాఠం మీద దృష్టి నిలవదు, ఆటల్లో వెనుకబడతాడు. అలాంటి బిడ్డకు ఇంట్లో 'సోమరి' అని, బడిలో 'మొద్దు' అని పేరు పెట్టేస్తాం. తిట్టడానికి ముందు ఆ బిడ్డ ఉదయం ఏమి తిని బయలుదేరాడో ఒకసారి అడిగి చూడాలి.

చాలా ఇళ్ళలో దొరికే జవాబు ఒకటే: చాయ్, రెండు బిస్కెట్లు, లేదా చాయ్‌లో ముంచిన రస్కు. చాయ్‌లోని టానిన్లు ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. చాయ్‌తో బయలుదేరిన బిడ్డకు పదిన్నర గంటల విరామంలో తినే చిరుతిండే వాస్తవంగా ఆనాటి మొదటి ఆహారం. అందుకే దానిని కాలక్షేపపు తిండిగా చూడకుండా, ఒక చిన్న భోజనంగా లెక్కించాలి.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ పాఠశాలల్లో 2023లో రాగిజావ ప్రవేశపెట్టారు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో పల్లీ చిక్కీ కూడా ఇస్తూ వచ్చారు. రాగి, గుడ్డు, పల్లీ, బెల్లం: నిపుణులతో ఆలోచించి ప్రభుత్వాలు ఎంచుకున్నవి మన నానమ్మల వంటింటి సరుకులే. కానీ ఇంగ్లీషు చదువు కోసం అప్పు చేసి చిన్న ప్రైవేటు పాఠశాలలకు పంపిన పిల్లలకు ఈ పథకాలేవీ లేవు. వారికి అమ్మ కట్టి ఇచ్చిన డబ్బాయే ఆధారం.

వంటింట్లోనే ఉన్న సంపద

ఇక్కడ చెప్పే లెక్కలకు కొన్ని ధరలు అనుకుందాం: పల్లీలు కిలో 150 రూపాయలు, పుట్నాలు 120, బెల్లం 70, నల్ల శనగలు 90, రాగిపిండి 60, మరమరాలు 100, జామకాయలు 60, గుడ్డు 7, అరటిపండు 5. మీ ఊరి ధరలు వేరైతే వాటిని పెట్టి మళ్ళీ లెక్క చూసుకోండి.

*పల్లీ చిక్కీ:* పావుకిలో పల్లీలను దోరగా వేయించి, పొట్టు తీసి, బద్దలు చేసుకోవాలి. 200 గ్రాముల బెల్లాన్ని కొద్ది నీటితో కరిగించి వడగట్టి ముదురుపాకం పట్టాలి. పాకం చుక్కను చల్లని నీటిలో వేస్తే గట్టిపడి, విరిస్తే టక్కున విరగాలి. అందులో పల్లీలు కలిపి, నూనె రాసిన పళ్ళెంలో పరచి, వేడి మీదే గాట్లు పెట్టాలి. 18 ముక్కలు వస్తాయి. సరుకుల ఖర్చు యాభై రూపాయల పైచిలుకు. ముక్కకు మూడు రూపాయల లోపే. గాలి చొరని డబ్బాలో పెడితే వారం పది రోజులు కరకరలాడుతూ ఉంటుంది.

*రాగి లడ్డు:* 200 గ్రాముల రాగిపిండిని సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించాలి. వంద గ్రాముల వేయించిన పల్లీల పొడి, 125 గ్రాముల బెల్లం తురుము, రెండు చెంచాల వేడి నెయ్యి కలిపి ఉండలు కట్టాలి. ఉండ ఒక్కింటికి దాదాపు మూడు రూపాయలు పడుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. ధాన్యాలలో ఈ విషయంలో రాగికి సాటి లేదు. పాలు కొనే స్తోమత తక్కువగా ఉన్న ఇంటికి ఇది పెద్ద ఆసరా. నువ్వులు కూడా కాల్షియం గనులే. పిడికెడు వేయించి కలిపితే రుచీ బలమూ పెరుగుతాయి.

*గుగ్గిళ్ళు:* నల్ల శనగలు, అలసందలు, పెసలు ఏవైనా రాత్రి నానబెట్టి, ఉదయం ఉప్పు వేసి ఉడికించి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకుతో తాలింపు పెడితే సరి. 40 గ్రాముల శనగలు నానితే చిన్న డబ్బా నిండుతుంది. తాలింపుతో కలిపి అయిదు రూపాయలు దాటదు. పైన నిమ్మరసం పిండడం మరువరాదు. నిమ్మలోని సి విటమిన్ గింజల్లోని ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది.

రమజాన్ మాసంలో మన ఇఫ్తార్ దస్తర్‌ఖాన్‌ను ఒకసారి గుర్తు చేసుకుందాం. ఖర్జూరాలు, కోసిన పండ్లు, తాలింపు పెట్టిన శనగలు ఉండని ఇల్లు అరుదు. ఉపవాసి కడుపు కోసం అంత శ్రద్ధగా శనగలు నానబెట్టే చేతులు మిగతా పదకొండు నెలలూ పొట్లం వైపు ఎందుకు చాచాలి? ఈ వంటకం మనకు కొత్తగా ఎవరూ నేర్పనక్కరలేదు.

*గుడ్డు:* ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాముల నాణ్యమైన మాంసకృత్తులు ఉంటాయి. ఉదయమే గట్టిగా ఉడికించి, పెంకు తీయకుండా, చిటికెడు మిరియాలు ఉప్పు పొట్లం కట్టి పంపవచ్చు. వాసన వస్తుందని మొహమాటపడే పిల్లలకు పలుచని ఆమ్లెట్‌ను రొట్టెలో చుట్టి ఇస్తే సమస్య తీరుతుంది.

*మరమరాల మిశ్రమం:* మరమరాలను (బొరుగులను) పుట్నాలు, పల్లీలతో కలిపి, చెంచా నూనెలో పసుపు, కరివేపాకు, వెల్లుల్లితో తాలింపు పెట్టాలి. ఆరు రూపాయల్లో డబ్బా నిండుతుంది. చిప్స్‌కు అలవాటు పడిన నాలుకను మళ్ళించడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. ఉల్లిపాయ, నిమ్మరసం ముందే కలిపితే మెత్తబడిపోతుంది కనుక వాటిని కలపరాదు.

*మలీదా:* రాత్రి మిగిలిన జొన్నరొట్టె, సజ్జరొట్టె, చపాతీ ఏదైనా నలిపి, కొంచెం బెల్లం, వేయించిన పల్లీల పొడి లేదా నువ్వుల పొడి, చెంచా నెయ్యి కలిపి ముద్దలు కట్టాలి. మిగిలిన రొట్టె వృథా కాదు. బిడ్డ కడుపూ నిండుతుంది.

*పండ్లు:* యాపిల్ కొనలేకపోతున్నామని బాధపడవలసిన అవసరం లేదు. సి విటమిన్‌లో జామకాయ ముందు యాపిల్ నిలువలేదు. నారింజ కూడా వెనుకబడుతుంది. అరటి, రేగు, బొప్పాయి, సీతాఫలం, నేరేడు: ఏ కాలంలో ఏది చౌకగా దొరికితే అదే ఆ కాలపు మంచి పండు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. బెల్లం కూడా చక్కెర కోవలోనిదే. అందులో ఇనుము ఉందని గుప్పెళ్ళతో పెట్టడం మంచిది కాదు. రోజుకు ఒక చిక్కీ ముక్క, లేదా ఒకటి రెండు చిన్న ఉండలు చాలు. తిన్నాక నోరు పుక్కిలించే అలవాటు చేయాలి.

ఆదివారం ఒక గంట

"ఇవన్నీ మాకూ తెలుసు. సమయం ఎక్కడిది?" అని చాలామంది తల్లులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. తెల్లవారుజామునే లేచి, నలుగురికి వండి, తానూ పనికి వెళ్ళే స్త్రీ మీద మరో బరువు మోపడం మా అభిమతం కాదు. అందుకే ఈ పని మొత్తం ఇంటిది కావాలి. ఆదివారం నాడు ఒక గంట కేటాయించి, తండ్రి పల్లీలు వేయిస్తే, పిల్లలు పొట్టు ఊది ఉండలు కడితే, తల్లి పాకం చూస్తే వారానికి సరిపడా సరుకు సిద్ధమవుతుంది. ఇంటిపనుల్లో చేయి కలపడం దైవప్రవక్త (స) జీవితంలో కనిపించే ఆదర్శమని మన పురుషులకు వేరుగా చెప్పనక్కరలేదు. తన చేతులతో కట్టిన ఉండను ఏ బిడ్డా డబ్బాలో మిగల్చడు.

వారానికి ఒక క్రమం ఇలా ఉండవచ్చు:

సోమవారం: పల్లీలు, పుట్నాలు, చిన్న జామకాయ (9 రూపాయలు)
మంగళవారం: శనగ గుగ్గిళ్ళు (5 రూపాయలు)
బుధవారం: ఉడికించిన గుడ్డు (7 రూపాయలు)
గురువారం: చిక్కీ ముక్క, అరటిపండు (8 రూపాయలు)
శుక్రవారం: రాగి లడ్లు రెండు (6 రూపాయలు)
శనివారం: మరమరాల మిశ్రమం (6 రూపాయలు)

మొత్తం 41 రూపాయలు. గ్యాసు ఖర్చు కలిపినా యాభై దాటదు. రోజుకు పది చొప్పున పొట్లాలకు అయ్యేది అరవై. మిగిలేది పెద్ద మొత్తమేమీ కాదని ఒప్పుకుంటాం. డబ్బు మిగలడం కంటే ముఖ్యం, పెట్టిన డబ్బుకు తగిన ఆహారం బిడ్డ ఒంటికి చేరడం.

డబ్బా మూత తీసినప్పుడు

"అమ్మీ, నా డబ్బా చూసి అందరూ నవ్వుతున్నారు" అని బిడ్డ ఏడుస్తూ వస్తే మన లెక్కలన్నీ తలకిందులవుతాయి. పిల్లల లోకంలో పొట్లం హోదాకు గుర్తు. ఆ బాధను కొట్టిపారేయరాదు. డబ్బా శుభ్రంగా, మూత బిగుతుగా ఉండాలి. తిండి చూడముచ్చటగా అమర్చాలి. కొంచెం ఎక్కువే పెట్టి, పక్కనున్న స్నేహితునికి కూడా ఇవ్వమని చెప్పాలి. పంచుకునే చేతిని చూసి ఎవరూ ఎక్కువ కాలం నవ్వరు. అయితే కొందరు పిల్లలకు పల్లీలు పడవు కనుక, "నీకు పల్లీలు పడతాయా?" అని అడిగి ఇవ్వడం నేర్పాలి.

పొట్లాన్ని ఒక్కరోజులో నిషేధిస్తే పిల్లలు చాటుగా కొనుక్కోవడం నేర్చుకుంటారు. నెలకు ఒకటి రెండు రోజులు వారి ఇష్టానికి వదిలి, మిగతా రోజులు ఇంటి తిండి అని ఒప్పందం చేసుకోవడం వివేకం. పెద్దలు కూడా ఇంట్లో చాయ్‌తో మిక్చర్ పొట్లాలు విప్పుకోవడం తగ్గించాలి. మనం తినేదే వారు కోరుకుంటారు.

మరో విషయం మన మనసుల్ని మనమే ప్రశ్నించుకోవలసినది. ఒకే ఇంట్లో అబ్బాయి డబ్బాలో గుడ్డు, అమ్మాయి డబ్బాలో ఒట్టి బిస్కెట్లు ఉంటున్నాయా? నెలసరి మొదలైన ఆడపిల్లకు ఇనుము అవసరం పెరుగుతుంది. ఆమెకే తక్కువ పెట్టి, తర్వాత పెళ్ళినాటికి, కాన్పునాటికి రక్తం లేదని ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నాం. కూతుళ్ళ హక్కుల గురించి ఇంతగా చెప్పిన ధర్మాన్ని అనుసరించేవారి ఇంట్లో రెండు డబ్బాలూ ఒకేలా ఉండాలి.

కొన్ని జాగ్రత్తలు

బూజు పట్టిన, రంగు మారిన, చేదుగా ఉన్న పల్లీలను ఏరి పారేయాలి. వాటిలో కాలేయానికి హాని చేసే అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది. అయిదేళ్ళ లోపు పిల్లలకు పల్లీలు, శనగల వంటి గట్టి గింజలు గొంతుకు అడ్డం పడతాయి కనుక పొడి చేసి లేదా మెత్తగా ఉడికించి నలిపి పెట్టాలి. గుడ్డు, గుగ్గిళ్ళు ఎండకాలంలో త్వరగా పాడవుతాయి. వాటిని తొలి విరామంలోనే తినమని చెప్పాలి, మిగిలితే సాయంత్రం తినిపించరాదు. డబ్బాతో పాటు నీళ్ళ సీసా తప్పనిసరి.

ఎంత పెట్టినా బిడ్డ ఒంటికి పట్టడం లేదంటే కడుపులో నులిపురుగులు ఉండవచ్చు. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 జాతీయ నులిపురుగుల నివారణ దినాలు. ఆ సందర్భంగా బడులలో, అంగన్‌వాడీలలో ఉచితంగా ఇచ్చే మాత్రను, పాఠశాలలో వారం వారం ఇచ్చే ఇనుము మాత్రను అనుమానంతో తిరస్కరించవద్దు. బిడ్డ ముఖం పాలిపోయి, మెట్లెక్కితే ఆయాసపడుతుంటే తిండితోనే సరిపెట్టుకోకుండా వైద్యునికి చూపించి రక్తపరీక్ష చేయించాలి.

పిల్లలు అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. వారికి పెద్ద పాఠశాల, ఖరీదైన పుస్తకాలు సమకూర్చడం అందరి చేతుల్లో ఉండకపోవచ్చు. ఉదయం డబ్బాలో ఏమి పెట్టాలన్నది మాత్రం ప్రతి ఇంటి చేతుల్లో ఉంది. ఈ రాత్రే ఒక గుప్పెడు శనగలు నానబెడదాం. ఇన్షా అల్లాహ్, రేపటి విరామంలో మన బిడ్డ వాటిని తిని మిగతా పాఠాలను హుషారుగా వింటాడు.